ఆ పశువుల అవస్థ చూడలేకపోతున్నాను, అన్నింటినీ తెచ్చేసుకోనా?

ప్రశ్న: మా ఇంటికి కాస్త దూరంలో ఒక పెద్దాయన పొలం ఉంది. ఆయనకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. కొడుకు వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాడు. పొలంలో రెండు ఆవులు, నాలుగు మేకలు, ఒక ముసలి గాడిద, పన్నెండు కోళ్లు ఉన్నాయి. రోజు విడిచి రోజు ఎవరో వచ్చి ఇంత గడ్డి పడేసి పోతున్నారు. ఒక ఆవు వట్టిపోయింది, కుంటుతోంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. మేకల గిట్టలు పెరిగి వంకర్లు తిరిగిపోయాయి. నిన్న ఒక బకెట్టు దాణా పట్టుకెళ్తే ఎగబడి తిన్నాయి. మా ఇంటి వెనక అర ఎకరం ఖాళీ స్థలం ఉంది. అన్నింటినీ తెచ్చేసుకుని, కొన్నింటిని ఉంచుకుని, మిగతావాటికి మంచి ఇళ్లు చూద్దామని నా ఆలోచన. మావారేమో "జాలికీ హద్దుండాలి, ఇది మన వల్ల అయ్యే పని కాదు" అంటున్నారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా,

అన్నిటికంటే ముందు ఆ బకెట్టు దాణా సంగతి. మళ్లీ పెట్టకండి. ఇది చదవగానే వెళ్లి ఆవుల్ని, మేకల్ని ఒకసారి చూసి రండి. ఎడమ డొక్క ఉబ్బిందా, నెమరు ఆపేశాయా, పళ్లు కొరుకుతున్నాయా, పుల్లటి వాసనతో నీళ్లలా పారుతున్నాయా చూడండి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మిగతా జవాబు తర్వాత చదువుకోవచ్చు, ముందు పశువుల డాక్టరుకు ఫోన్ చేయండి.

ఎందుకింత టెన్షన్ పెడుతున్నానంటే, నెమరు వేసే పశువు పెద్దపొట్టలో గడ్డిని అరిగించేవి అందులో ఉండే సూక్ష్మజీవులు. వారాల తరబడి అరకొర గడ్డితో నెట్టుకొచ్చిన ఆవుకు ఒక్కసారిగా గింజలో పిండో పడితే, పిండిపదార్థం తినే క్రిములు విపరీతంగా పెరిగిపోయి లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. పొట్టలో పులుపు పెరిగి, గడ్డిని అరిగించే క్రిములు చచ్చిపోతాయి. ఒంట్లో నీరంతా పొట్టలోకి చేరుతుంది. దాణా ఎక్కువ తిన్న పశువు ఒకటి రెండు రోజుల్లోనే పోవచ్చు. ఆకలితో ఉన్నవాటి మీద ప్రేమతో చేసే పనుల్లో ప్రాణాలు తీసేవాటిలో ఇదొకటి.

బాగా చిక్కిపోయిన జంతువుకు ఇంకో గండం కూడా ఉంది. దాని ఒంట్లో ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు అప్పటికే తరిగిపోయి ఉంటాయి. ఒకేసారి బలమైన మేత అందితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో మిగిలిన ఆ కాస్త ఖనిజాల్ని కూడా కణాల్లోకి లాగేస్తుంది. గుండె, కండరాలు, ఊపిరి దెబ్బతింటాయి. గుర్రాల్లో దీన్ని బాగా గమనించారు. మేత మొదలుపెట్టిన మొదటి వారం పది రోజుల్లో, అంటే "అమ్మయ్య, తింటోంది, ఇక ఫర్వాలేదు" అని మనం అనుకునే రోజుల్లోనే ఇది ముంచుకొస్తుంది.

కాబట్టి మొదటి పది రోజులు బూజు లేని మంచి ఎండుగడ్డి, కొంచెం కొంచెంగా, రోజుకు నాలుగైదుసార్లు. దాణా ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంత పెట్టాలో డాక్టరు చెప్పాలి. శుభ్రమైన నీళ్లు రోజంతా అందుబాటులో ఉండాలి. ఎండిపోయిన తొట్టి ముందు చాలాసేపు నిలబడిన పశువుకు మాత్రం మొదట కాసిని తాగనిచ్చి, ఆపి, మళ్లీ ఇవ్వండి. పెద్ద ఆవుకు రోజుకు 30 నుంచి 60 లీటర్ల నీళ్లు కావాలి, వేసవిలోనూ పాలిచ్చే రోజుల్లోనూ ఇంకా ఎక్కువ. రోజు విడిచి రోజు ఎవరో వచ్చి పోతున్న చోట మేత కంటే ముందు లోటుపడేది నీళ్లేనని నా అనుమానం. ఆ తొట్టిలోకి ఒకసారి తొంగిచూడండి.

గాడిద విషయం వేరు. అది నెమరు వేయదు, దానికి ఆవు లెక్కలు పనికిరావు. గాడిదలు నొప్పిని బయటపెట్టవు. ఊరికే తల వాల్చి నిలబడతాయి, చూసేవాళ్లు "పాపం, నెమ్మదస్తురాలు" అనుకుంటారు. ఏ కారణం చేతనైనా గాడిద మేత మానేస్తే దాని ఒంటి కొవ్వు కరిగి రక్తంలోకి వచ్చేసి కాలేయాన్ని, మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. ఒక్కరోజు తినకపోయినా అది అత్యవసరమే. అది నిలబడే చోట నేల మీద వెతకండి. నమిలి వదిలేసిన గడ్డి ఉండలు, తడితడిగా, బొటనవేలంత సైజులో కనిపిస్తే దాని పళ్లు పాడయ్యాయని అర్థం. అలాంటప్పుడు ఎంత గడ్డి వేసినా ఒంటికి పట్టదు. పళ్లు అరగదీయించి, నానబెట్టిన మెత్తటి మేత పెట్టాల్సి ఉంటుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. అన్నింటినీ తెచ్చుకోవద్దు. మీ ఉత్తరం చదివాక నాకు తోచింది, మేకల్ని మాత్రం తెచ్చుకోండి. ఆవుల్ని, గాడిదని ప్రస్తుతానికి ఆ పొలంలోనే ఉంచి, వాటి బాగోగులు అక్కడే చూడండి. దానికి కారణాలు చెబుతాను, కానీ ఆ రెండింటికీ ముందు ఒక పని ఉంది. ఆ పెద్దాయనతో మాట్లాడాలి.

మీ ఉత్తరంలో పశువుల గురించి ఎంతో ఉంది. వాటి యజమాని గురించి రెండే వాక్యాలు ఉన్నాయి. ఆయన మంచాన పడకముందు ఆ ఆవులు ఇలాగే ఉండేవా? ఉండి ఉండవు. ఒకప్పుడు బాగా చూసుకున్న చేతులు పడిపోయాయి, అంతే. నిర్లక్ష్యానికి గురైన పశువుల వెనక నేను ఎక్కువగా చూసింది క్రూరత్వం కాదు. జబ్బు, అప్పు, ముసలితనం, ఇంట్లో చావు. అలాంటి మనిషి దగ్గరికి "మీ పశువుల్ని చంపేస్తున్నారు" అన్న మొహంతో వెళితే తలుపు మూసుకుంటుంది. "మీకు ఒంట్లో బాగాలేదని తెలిసింది, పొద్దునా సాయంత్రం నేను చూసి వస్తాను, ఏది ఏం తింటుందో, దేనికి ఏ జబ్బుందో చెబుతారా?" అని అడగండి. ఏ ఆవు ఎప్పుడు ఈనింది, ఏ మేక ఏ మేక పిల్ల, గాడిద వయసెంత, ఏ టీకాలు ఎప్పుడు వేయించారు, ఇవన్నీ తెలిసిన మనిషి ఆయనొక్కరే. ఆ వివరాలు కాగితం మీద పెట్టుకోండి. కొడుక్కి ఫోన్ చేసి పరిస్థితి చెప్పండి. చాలా కేసుల్లో, అవతలివాళ్లు "ఎవరైనా తీసుకెళితే బాగుండు" అనుకుంటూ, అడగడానికి మొహం చెల్లక ఊరుకుంటారు.

ఒకవేళ ఒప్పుకోకపోతే? గేటు తెరిచి తోలుకొచ్చేయకండి. ఎంత మంచి మనసుతో చేసినా ఎక్కడైనా అది దొంగతనమే అవుతుంది, పైగా కేసు మీ మీదకు తిరిగితే పశువులు మళ్లీ అక్కడికే చేరతాయి. తేదీ కనిపించేలా ఫొటోలు తీయండి. ఖాళీ తొట్టి, గిట్టలు, పక్కటెముకలు, ఏ రోజు ఎవరు వచ్చారో రాసుకోండి. డాక్టరు చేత పరిస్థితి రాయించండి. వాటితో జంతు సంక్షేమం చూసే అధికారుల దగ్గరికి వెళ్లండి. ఒప్పుకుంటే మాత్రం, ఏ జంతువుని ఏ రోజు ఎవరికి అప్పగించారో ఇరుపక్షాలూ సంతకం పెట్టిన కాగితం తప్పనిసరి. ఆయన మాట మీద తెచ్చుకున్న ఆవుని రేపు ఇంకో బంధువు వచ్చి "మాది" అంటే మీ దగ్గర ఏమీ ఉండదు.

ఇంకో మాట. వాళ్లు డబ్బు అడిగితే మందులకు, మేతకు ఇవ్వండి, పశువుకి ధర కట్టకండి. జాలిపడి కొనేవాళ్లు ఉన్నారని తెలిస్తే, చిక్కిన పశువు కూడా సరుకైపోతుంది. ఒకదానికి ఇచ్చిన డబ్బుతో ఇంకోటి అదే కొట్టంలోకి వస్తుంది.

ఇక ఆవుల్ని ఎందుకు తెచ్చుకోవద్దంటున్నానో వినండి. 400 కిలోల ఆవు రోజుకు తన బరువులో రెండు నుంచి రెండున్నర శాతం ఎండు మేత తింటుంది. అంటే 8 నుంచి 10 కిలోలు. ఏడాదికి సుమారు మూడు నుంచి మూడున్నర టన్నులు. రెండు ఆవులంటే దానికి రెట్టింపు. అర ఎకరం పచ్చిక వాటికి కొన్ని వారాల్లో మట్టి అయిపోతుంది, ఆ తర్వాత ప్రతి కట్టా మీరు కొనాల్సిందే. రోజుకు ఒక్కో ఆవు 20 కిలోలకు పైగా పేడ వేస్తుంది, అదెక్కడికి పోవాలి? ఆవు 20 ఏళ్లు బతకగలదు, గాడిద 30 దాటుతుంది. ఈ లెక్కలు మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. మంచి మనసున్న మనుషులు ఒక్కొక్కటిగా తెచ్చుకుంటూ పోయి, చివరికి వాళ్ల దొడ్లోనే ఎండిన డొక్కలు కనిపించే పరిస్థితి ఈ రంగంలో తరచూ వస్తుంది. అప్పుడు వాటిని కాపాడడానికి ఇంకొకరు రావాలి. ఎన్నింటిని చూసుకోగలరో ముందే నిర్ణయించుకుని, ఆ సంఖ్య దగ్గర ఆగడం కూడా ఆ జంతువుల పట్ల చూపే ప్రేమే.

ఉన్నచోటే ఉంచి చూసుకోవడం చిన్న పని అనుకోకండి. వాటికి ఆ నేల, ఆ చెట్టు నీడ తెలుసు. బండెక్కించే ఒత్తిడి లేదు. చిక్కిపోయి కుంటుతున్న ఆవుని బండెక్కిస్తే దారిలో పడిపోవచ్చు, పడిపోయిన ఆవుని లేపడం చాలా కష్టం. రోజుకు రెండు పూటలా మీరో, మీరు కుదిర్చిన మనిషో వెళ్లి మేత, నీళ్లు, మందులు చూస్తే సగం కాపాడినట్టే. ఆ తీరిక మీకు ఉందనే అనిపిస్తోంది.

వెళ్లినప్పుడు దూరం నుంచి చూసి రాకండి, చేతులతో చూడండి. పశువుకి వెనక నుంచి నేరుగా వెళ్లొద్దు, అక్కడ దానికి కనపడదు. పక్కనుంచి, భుజం వైపు, మెల్లగా మాట్లాడుతూ వెళ్లండి. మెడ మీది పలుపు కింద వేళ్లు పోనివ్వండి. చిన్నప్పుడు కట్టిన తాడు పశువు పెరిగేకొద్దీ బిగుసుకుని చర్మంలోకి దిగిపోతుంది. పైన వెంట్రుకలు కప్పేసి ఏమీ కనిపించదు, వేలికి మాత్రం ఒక గాడి, తడి, చీము వాసన తగులుతాయి. అలా ఉంటే లాగి కోసేయొద్దు. మత్తిచ్చి తీయాల్సిన పని అది, ధనుర్వాతం ఇంజెక్షన్ కూడా అవసరం. నడుం మీద చెయ్యి పెట్టి వెన్నుపూస ఎంత పొడుచుకొచ్చిందో తడమండి. వారానికోసారి అదే చోట, అదే చేత్తో చూస్తే, కండ పడుతోందో లేదో కంటికన్నా ముందు చెయ్యి చెబుతుంది.

మేకలకు కింది కనురెప్ప లాగి లోపలి రంగు చూడండి. ఎర్రగా, గులాబీగా ఉంటే మంచిదే. తెల్లగా పాలిపోయి ఉంటే, కడుపులో రక్తం పీల్చే నట్టలు ఉండే అవకాశం ఎక్కువ. దవడ కింద మెత్తగా నీరు దిగిన వాపు కూడా అదే చెబుతుంది. ఆ పురుగుల్లో ఒక్కో ఆడది రోజుకు వేల గుడ్లు పెడుతుంది, అవి పెంటికలతో గడ్డి మీదకు, మళ్లీ మేక నోట్లోకి చేరతాయి. ఈ కనురెప్ప రంగుని ఐదు స్థాయిలుగా పోల్చి చూసే ఫమాచా అనే చార్టు దక్షిణాఫ్రికాలో తయారైంది, ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. పశువైద్యుల దగ్గర ఉంటే అడిగి నేర్చుకోండి. అన్నింటికీ కళ్లు మూసుకుని నట్టల మందు పోసేయడం కన్నా, పెంటికల పరీక్ష చేయించి, బరువు చూసి, అవసరమైనదానికి సరైన మోతాదు వేయించడం మంచిది. ఊరికే పోస్తూ పోతే పురుగులు మందుకి లొంగకుండా తయారవుతాయి.

మేకల్ని తెచ్చుకోమనడానికి కారణం, నాలుగు మేకలకి అర ఎకరం సరిపోతుంది, వాటి మేత మీరు భరించగలరు, చిన్న జంతువులు కాబట్టి మీ ఒక్కరి చేతికి వస్తాయి. నాలుగింటినీ కలిపే తీసుకురండి. మందలో బతికే జంతువు ఒంటరిగా ఉంటే తిండి తగ్గిస్తుంది, రోజంతా అరుస్తుంది, కంచె దూకుతుంది. గొర్రెలు తమతో ఉన్న 50 గొర్రెల మొహాల్ని రెండేళ్లపాటు గుర్తుపెట్టుకోగలవని బ్రిటన్ శాస్త్రవేత్తలు 2001లో తేల్చారు. వాటికి తోడంటే ఏదో ఒక జంతువు కాదు, ఫలానా జంతువు.

మీ దొడ్లో ఇప్పటికే ఏ జంతువున్నా, కొత్త మేకల్ని నెల రోజులు విడిగా ఉంచండి. మీ పాతవాటికి మేత వేశాకే వీటి దగ్గరికి వెళ్లండి, వీటికి వేరే బకెట్టు, వేరే చెప్పులు. ఈ నెలలో రక్త పరీక్షలు చేయించండి. బ్రూసెల్లోసిస్ లాంటివి మనుషులకీ అంటుకుంటాయి. అందుకని పరీక్షలయ్యేదాకా పాలు తాగొద్దు. నెలలు నిండకుండా పిల్ల పడిపోయినా, ఈనినా గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, ఇంట్లో గర్భిణులు ఉంటే వాళ్లని దూరంగా ఉంచండి.

నాలుగింట్లో పోతు ఉందా అని మీరు రాయలేదు. ఉంటే, రాగానే చేయించాల్సిన మొదటి పని కుటుంబ నియంత్రణ. పోతుపిల్లలు మూడు నాలుగు నెలలకే పిల్లల్ని పుట్టించగలవు. మేక మోసేది ఐదు నెలలే. అంటే మీరు నాలుగింటిని తెస్తే, ఏడాది తిరిగేసరికి పది అవ్వొచ్చు, అప్పుడు మీరు వెతకాల్సింది పది ఇళ్లు. ఆడవి ఇప్పటికే చూడితో ఉన్నాయేమో స్కానింగ్‌లో తెలుస్తుంది. చూడితో ఉన్నదానికి మేత, మందులు రెండూ మారతాయి. అందుకే ఇది తెలియకుండా ఏ మందూ మొదలుపెట్టకండి.

గిట్టలు ఒక్కరోజులో సరిచేసేద్దామనుకోవద్దు. వంకర తిరిగిన గిట్ట మీద చాలాకాలం నడిచిన కాలు, కీళ్లు, నరాలు ఆ వంకరకే అలవాటు పడి ఉంటాయి. ఒకేసారి ఎక్కువ తీస్తే రక్తం కారుతుంది, మేక నిలబడలేదు. కొద్దిగా తీయించి, కొన్ని వారాలు ఆగి మళ్లీ తీయిస్తూ పోతే మెల్లగా దారికొస్తాయి. తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చూసుకుంటే చాలు.

కోళ్ల గురించి ఎక్కువ చెప్పను. పన్నెండింటికి చోటు చూడటం వీటన్నిటిలో సులువైన పని. అడవికోడి ఏడాదికి పది పదిహేను గుడ్లు పెడుతుంది, మనం తయారుచేసిన గుడ్ల జాతి పెట్ట 300 దాకా పెడుతుంది. ఆ భారమంతా దాని ఎముకల్లోని కాల్షియం మీద పడుతుంది. అందుకని ఆల్చిప్పల పొడి అందుబాటులో ఉంచండి, ఎక్కి కూర్చునే దండెం తక్కువ ఎత్తులో కట్టండి. ఎముకలు గుల్లబారిన పెట్ట పైనుంచి దూకితే విరుగుతాయి.

ఇల్లు వెతకడం గురించి మాత్రం వివరంగా చెప్పాలి. ఎందుకంటే కాపాడిన పశువుకి రెండోసారి అన్యాయం జరిగేది ఇక్కడే. "ఉచితంగా ఇస్తాం" అని ఎక్కడా పెట్టకండి. ఆ మాట చూసి ముందుగా ఫోన్ చేసేది అమ్ముకునేవాళ్లు. వచ్చినవాళ్లని అడగండి, ఇంతకుముందు ఏ జంతువులు ఉండేవి, అవి ఏమయ్యాయి? వాటిని చూసిన పశువైద్యుడు ఎవరు? రెండో ప్రశ్నకు పేరు చెప్పలేని మనిషికి నేనైతే మేకని కూడా ఇవ్వను. మీరే వెళ్లి చోటు చూడండి. కంచె, నీడ, నీళ్లు, ఇంట్లో మిగతావాళ్ల మొహాలు. మీరు వెళతామంటే ఇబ్బంది పడేవాళ్లని అక్కడితో వదిలేయండి.

తర్వాత కాగితం. అమ్మకూడదు, కోతకి ఇవ్వకూడదు, ఈనించకూడదు, వేరేవాళ్లకి ఇవ్వాల్సి వస్తే ముందు మీకు చెప్పాలి, చూసుకోలేకపోతే ఎప్పుడైనా మీకే తిరిగివ్వాలి. ఈ చివరి షరతు అన్నిటికంటే ముఖ్యం. కుదిరితే చెవికి ట్యాగు వేయించి ఆ నంబరు, ఫొటోలు ఒప్పందంలో పెట్టండి. మొదటి నెల పరీక్షా కాలం అనుకోండి. ఆ తర్వాత కూడా ఏడాదిలో రెండుసార్లు చూడటానికి వస్తామని ముందే చెప్పండి.

జంటల్ని విడదీయకండి. మీ గాడిద ఎవరి పక్కన నిలబడుతుందో గమనించండి. రెండో గాడిద లేదు కాబట్టి బహుశా ఏదో ఒక ఆవుకి దగ్గరై ఉంటుంది. ఆ ఆవునీ గాడిదనీ ఒకే చోటుకి పంపడం వీలైతే మంచిది, లేదా వేరే గాడిదలున్న చోటుకి పంపి, కలిసే దాకా పక్క పక్క దొడ్లలో ఉంచాలి. ఇంగ్లండ్‌లో ఎలిజబెత్ స్వెండ్‌సెన్ 1969లో మొదలుపెట్టిన డాంకీ శాంక్చువరీ గాడిదల్ని ఇళ్లకి ఇచ్చేటప్పుడు జంటగానే ఇస్తుంది. ఆవిడకే 1974లో ఇంకొకావిడ వీలునామా ద్వారా ఒకేసారి 204 గాడిదలు వచ్చిపడ్డాయి. వాటిని చూసుకున్న మనిషి పోయింది, గాడిదలు మిగిలాయి. 30 ఏళ్లు బతికే జంతువు విషయంలో "నా తర్వాత ఎవరు?" అన్నది తెచ్చుకునే రోజే వేసుకోవాల్సిన ప్రశ్న. మీరు ఉంచుకునే మేకలకైనా సరే, మీకు ఏదైనా అయితే చూసుకునే మనిషి పేరు ఇప్పుడే రాసిపెట్టండి.

జంతువుల శరణాలయాలకు ఫోన్ చేసేటప్పుడు "అన్నింటినీ తీసుకెళ్లండి" అని మొదలుపెట్టకండి, చాలా చోట్ల ఖాళీ ఉండదు. జాతి, వయసు, ఆడా మగా, టీకాలు, పరీక్షల ఫలితాలు, ఫొటోలు సిద్ధంగా ఉంచుకుని, "దీనికి చోటు దొరికేదాకా మేతా వైద్యం నేను చూసుకుంటాను, జాబితాలో పెట్టండి" అనండి. అలా అడిగినవాళ్ల పశువుకి చోటు త్వరగా దొరకడం నేను చూశాను. ఆ ప్రాంగణాన్ని కూడా మీరు ఒకసారి చూసే రావాలి. బోర్డు మీద శరణాలయం అని ఉన్నంతమాత్రాన లోపల నీళ్లతొట్టి నిండి ఉంటుందని నమ్మకం లేదు.

ఇక ఆ కుంటే ఆవు. ఇది రాయడం కష్టంగానే ఉంది. గిట్ట పుండైతే శుభ్రం చేసి, గిట్ట చెక్కి, పొడి నేల మీద ఉంచితే కొన్ని వారాల్లో నడుస్తుంది. కుంటడానికి చాలాసార్లు కారణం గిట్టలోనే ఉంటుంది కాబట్టి ఆశ వదులుకోవద్దు. కానీ కీలు పూర్తిగా పాడైందని, లేవలేక, మందులకీ తగ్గని నొప్పితో ఉందని డాక్టరు తేలిస్తే, నొప్పి లేకుండా దాని ప్రాణం పోనివ్వడం గురించి ఆ పెద్దాయనతో, డాక్టరుతో కూర్చుని మాట్లాడండి. ఏ నిర్ణయం తీసుకోవాలన్నా ఒకే నియమం పెట్టుకోండి. ఈ వారం అది తనంతట తాను లేచి నీళ్లదాకా వెళ్లిందా, తోటి ఆవు పక్కన నెమరు వేసిందా? రోజూ రాసుకుంటే, మంచి రోజులు పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో పుస్తకం చూపిస్తుంది. మనసు ఆ లెక్క సరిగా చెప్పలేదు.

మీవారు అన్న మాట గురించి అడిగారు. ఆయన "మన వల్ల కాదు" అన్నది, పంతొమ్మిది ప్రాణాల్ని ఒకేసారి దొడ్లోకి తోలుకొస్తానని మీరు అంటే వచ్చిన మాట. నాలుగు మేకలు, వాటి నెల ఖర్చు, పేడ ఎవరు ఎత్తుతారు, మీరు ఊరెళితే ఎవరు చూస్తారు అన్నది కాగితం మీద రాసి ముందు పెట్టండి. ఆయన అభ్యంతరాల్లో నిజమైనవి ఉంటే అవి ఇప్పుడే బయటపడటం మేకలకీ మంచిది. డాక్టరు పొలానికి వచ్చే రోజు ఆయన్ని కూడా తీసుకెళ్లండి, బ్రతిమాలి కాదు, ఆవుని పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి కాబట్టి.

గిట్ట గురించి డాక్టరు ఏం చెప్పారో, మేకల్లో పోతు ఉందో లేదో, పెంటికల పరీక్షలో ఏం తేలిందో రాయండి. అవి తెలిస్తే మేత, నేల, కంచె గురించి మీ స్థలానికి సరిపోయేలా మళ్లీ చెబుతాను.